ఐపీ అడ్రస్ దొరికాక కూడా సైబర్ దొంగని పోలీసులు ఎందుకు పట్టుకోలేకపోతున్నారు?

మీ బాబాయి గారి అకౌంట్‌లోంచి డబ్బులు పోయాయి, లాగిన్ అయిన ఐపీ అడ్రస్ కూడా స్టేషన్‌కి వచ్చింది, ఇన్ని నెలలైనా ఎవరూ దొరకలేదు, అసలు పోలీసులకి ఈ పని రాదా లేక పట్టించుకోవట్లేదా అని అడిగారు కదా. నేను కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ చూస్తాను, పోలీసుల నుంచి మా కంపెనీకి వచ్చే నోటీసులకి జవాబులు రాసేది నేనే, అందుకని ఆ ఐపీ అడ్రస్ వెనక ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసినంతవరకు చెప్తాను. పట్టించుకోని వాళ్ళు లేరని అనను, ఉన్నారు. కానీ నేను చూసిన వాటిలో ఎక్కువ కేసులు ఆగిపోయింది మాత్రం టైమ్ సరిపోకే, డబ్బు నిమిషాల్లో పోతుంది, కాగితం వారాల్లో వస్తుంది.

ముందు ఐపీ సంగతి. ఐపీ అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్, ఒక ఐపీ అంటే ఒక ఇల్లు అని చాలామంది అనుకుంటారు, అది పాత మాట. పాత రకం ఐపీ అడ్రస్‌లు, అంటే ఐపీవీ4, ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే, మన ఆసియా ప్రాంతానికి పంచే కోటా 2011లోనే అడుగంటింది. అందుకని మాలాంటి కంపెనీలు, మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని చాలామంది కస్టమర్లకి కలిపి వాడతాయి, దీన్ని సీజీనాట్ అంటారు. ఒక్కో ఐపీకి 65 వేల పైచిలుకు పోర్టులు, అంటే లోపలి నంబర్లు, ఉంటాయి, ఏ పోర్టు ఏ సెకన్‌లో ఏ కస్టమర్ దగ్గర ఉందో మా లాగ్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే రికార్డులో, పడుతుంది. కాబట్టి పోర్ట్ నంబర్ లేకుండా ఒట్టి ఐపీ, తేదీ ఇచ్చి ఎవరిదో చెప్పమంటే అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబర్ రాయని ఉత్తరం లాంటిదే, నేను పంపగలిగింది వందల పేర్ల లిస్టు. కానీ బ్యాంకులు, యాప్‌ల వాళ్ళు చాలాసార్లు పోర్ట్ నంబర్ రికార్డ్ చేసి ఉంచనే ఉంచరు! స్టేషన్ వాళ్ళు లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తారు చెప్పండి. కొత్త రకం ఐపీవీ6 అయితే ఈ గొడవ చాలా తగ్గుతుంది, కానీ ఇంకా ఐపీవీ4 మీదే నడిచే సైట్లు బోలెడు.

తర్వాత టైమ్. బయటి దేశాల కంపెనీలు టైమ్‌ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఒకే టైమ్‌లో, ఇస్తాయి, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. ఒకసారి మా దగ్గరికి ఒక నోటీసు వచ్చింది, ఎవరో ఒక డిగ్రీ చదివే అమ్మాయి ఫోటోలతో ఫేక్ ప్రొఫైల్ పెట్టి ఏడిపిస్తున్నారు. లెటర్‌లో రాసిన టైమ్‌కి లాగ్ చూస్తే ఒక రిటైరైన మాస్టారి ఇల్లు వచ్చింది, ఆయనా భార్యే ఉంటారు, పిల్లలు అమెరికాలో. నాకు అనుమానం వచ్చి ఎస్సై గారికి ఫోన్ చేసి, సార్ ఆ ప్రొఫైల్ ఉన్న కంపెనీ వాళ్ళు పంపిన ఒరిజినల్ ఫైల్ ఒకసారి పంపండి అని అడిగాను, ఆయన వెంటనే పంపారు, చూస్తే అది యూటీసీ, లెటర్ టైప్ చేసేటప్పుడు మన టైమ్ కింద రాసేశారు. ఐదున్నర గంటలు కలిపితే వేరే ఇల్లు వచ్చింది, పోర్ట్ కూడా సరిపోయింది, ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. అదే లెటర్‌కి ఉన్నదున్నట్టు జవాబు వెళ్ళి ఉంటే ఆ మాస్టారు గారి ఇంటి ముందు పోలీస్ జీపు ఆగేది, వీధిలో వాళ్ళ పరువు ఏమయ్యేది. అప్పట్నుంచి టైమ్ జోన్ రాయని ఏ నోటీసుకైనా ముందు ఫోన్ చేశాకే జవాబు రాస్తున్నాను.

లాగ్‌లు మేం భద్రంగా ఉంచట్లేదని కూడా అనుకోకండి, 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్స్ నిబంధన మార్చి ఏడాది కాదు రెండేళ్లు ఉంచాలంది. మా వైపు డేటా ఉంటుంది, లేనిది అవతలి వైపే. దొంగ వీపీఎన్, అంటే అసలు ఐపీ కనపడకుండా వేరే సర్వర్ మీదుగా తిప్పే సర్వీస్, వాడితే మా దాకా రానే రాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ళు వీపీఎన్ కంపెనీలు కస్టమర్ వివరాలు ఐదేళ్లు ఉంచాలని ఆదేశమిస్తే ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇండియాలోంచి సర్వర్లే తీసేశాయి. ఇక వేరే దేశంలో ఉన్న కంపెనీ నుంచి వివరాలు పద్ధతిగా రావాలంటే కోర్టు నుంచి లెటర్ రొగేటరీయో (ఆ దేశం కోర్టుని సాయం అడిగే ఉత్తరం), దేశాల మధ్య ఒప్పందం కింద రిక్వెస్టో, ఢిల్లీ మీదుగా వెళ్ళాలి. అది తిరిగి వచ్చేసరికి అక్కడ లాగ్ ఉంటుందన్న నమ్మకం ఏముంది. సైబర్ నేరాల మీద 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో మన దేశం చేరలేదు, దానికి మన కారణాలు మనకున్నాయి, కానీ ఆ ఇబ్బంది చివరికి పడేది జిల్లాలో కూర్చున్న సీఐ గారే.

స్టేషన్ వైపు కూడా చూడండి. ఐటీ చట్టం సెక్షన్ 78 ప్రకారం ఆ చట్టం కింద కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ లేదా ఆ పై ర్యాంకు వాళ్ళే చేయాలి. ఆ సీఐ గారికే బందోబస్తులు, ఎలక్షన్ డ్యూటీ, మిగతా కేసులు అన్నీ ఉంటాయి. డబ్బు వెళ్ళిన అకౌంట్ చూస్తే ఎక్కడో రాజస్థాన్‌లోనో బెంగాల్‌లోనో, కొన్ని వేలకి ఆశపడి అకౌంట్ అద్దెకిచ్చిన కూలీది, మ్యూల్ అకౌంట్ అంటారు. టీమ్ రైలెక్కి అంతదూరం వెళ్ళి పట్టుకుంటే వాడికి పై వాడి ముఖం కూడా తెలియదు. ఆ పై వాడు కంబోడియాలోనో మయన్మార్‌లోనో ఉంటాడు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టింది గుర్తుంది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగమని మన పిల్లల్నే కంబోడియా పంపి, పాస్‌పోర్ట్ లాక్కుని, మన వాళ్ళకే ఫోన్లు చేయించారు, అంటే మీ బాబాయితో తెలుగులో మాట్లాడినవాడు కూడా అక్కడ బందీగా ఉండి ఉండొచ్చు. అది విన్నప్పట్నుంచి నాకు ఈ విషయంలో కోపం కంటే బాధే ఎక్కువ.

దొంగ దొరికినా కోర్టులో నిలబడాలి కదా. నేను లాగ్ ఒక్కటి ఇస్తే చాలదు, దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇదివరకు ఎవిడెన్స్ చట్టం 65బీ అనేవాళ్ళు, 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63. ఇప్పుడు అందులో ఫైల్ హాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి, ఒక భాగం మేం, రెండో భాగం ఎక్స్‌పర్ట్ సంతకం చేయాలి. ఆ కాగితం సరిగ్గా లేకపోతే డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. కొత్తగా వచ్చిన స్టేషన్ రైటర్లకి ఇది ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి, నేను తెలిసినంత చెప్తుంటాను.

డబ్బు సంగతికొస్తే, దొంగని పట్టుకోవడం వేరు, డబ్బు ఆపడం వేరు, ఈ రెండూ కలిపి చూడకండి. 1930కి ఫోన్ చేసినా, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టినా ఫిర్యాదు బ్యాంకులు అన్నీ కలిసి ఉన్న సిస్టమ్‌లోకి వెళ్తుంది, డబ్బు ఇంకా ఏదో ఒక అకౌంట్‌లో ఉంటే హోల్డ్ పెడతారు. మొదటి గంటలో చేసిన వాళ్ళకి ఎంతో కొంత ఆగడం చూశాను, మూడో రోజు సిగ్గుపడుతూ చెప్పిన వాళ్ళకి అప్పటికే ఏటీఎంలో తీసేశారు లేదా యూఎస్‌డీటీ క్రిప్టో కొనేశారు. 2024లో దేశం మొత్తం మీద పోయింది 22,845 కోట్లని కేంద్ర హోంశాఖ పార్లమెంట్‌లో చెప్పింది, అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు.

మీ బాబాయి గారి కేసులో ఇప్పుడు చేయాల్సింది, పోర్టల్ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ పట్టుకుని వెళ్ళి ఎంత హోల్డ్ అయింది, ఏ బ్యాంకులో అని అడగండి, చాలామంది ఇది అడగనే అడగరు. హోల్డ్‌లో ఉంటే అది తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 503 కింద పిటిషన్ వేయొచ్చు. మీరు తెలంగాణలో ఉంటే లోక్ అదాలత్ ద్వారా కూడా ఇప్పిస్తున్నారు, 2024 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు లీగల్ సర్వీసెస్ అథారిటీతో కలిసి చేస్తున్నారు, లాయర్ ఖర్చు తగ్గుతుంది. ఇంకోటి, బ్యాంకు ఇచ్చిన ఐపీ వివరాల్లో పోర్ట్ నంబర్, టైమ్ జోన్ ఉన్నాయా అని దర్యాప్తు చేసే ఆయన్ని మర్యాదగా అడగండి, లేకపోతే బ్యాంకుకి మళ్ళీ లెటర్ పెట్టమనండి, వాళ్ళ సర్వర్ లాగ్ చెరిగిపోక ముందే వెళ్ళాలి అది. బాబాయి గారి ఫోన్ ఫార్మాట్ చేయించకండి, ఆ వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఆయన్ని ఇంట్లో ఎవరూ తిట్టకండి, ఎందుకంటే చెప్పడానికి భయపడితే రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు మీకు తెలియదు. పోయిన డబ్బు ఇప్పిస్తామంటూ కోర్టు పేరుతోనో పోలీసు పేరుతోనో మళ్ళీ ఫోన్ చేసే గ్యాంగులు ఉన్నాయి, మా వీధిలోనే ఒకావిడకి అలా రెండోసారి కూడా పోయింది.