రిజిస్టర్ల పద్దు రాసుకో, అమ్మాయీ

తిరుపతి,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాత అసెంబ్లీ లైబ్రరీని ఎలా వాడుకోవాలని నిన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. కానీ ఇవి నోటిమాటగా చెబితే సగం గాలికి పోయే సంగతులు. కంప్యూటర్ పక్కన పెట్టుకుని చదువుకుంటావని రాస్తున్నాను. మైక్రోప్రాసెసర్ ల్యాబులో తోటివాళ్లు కూడికలు, తీసివేతలు చేసి రికార్డు పూర్తి చేసుకుంటుంటే, నువ్వు డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థ) కాలపు షేర్‌వేర్ అసెంబ్లీ లైబ్రరీ ఒకటి, అంటే యంత్రభాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీలో ఎవరో రాసి, పనికొస్తే డబ్బు పంపమని పంచిన రొటీన్ల (ఒక్కో పని చేసే ప్రోగ్రాము ముక్కల) కట్ట, వెతికి పట్టుకుని దానితో ప్రాజెక్టు చేస్తానన్నావు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మీ పెద్దమ్మకు అర్థమైనా కాకపోయినా అరగంట సేపు ఆ ముచ్చటే చెప్పాను.

ముందుగా, జిప్ విప్పగానే రొటీన్లున్న లిబ్ ఫైలు మీదికి పోకు. దానితో పాటు వచ్చిన కాగితాలు చదువు. రీడ్‌మీ ఉంటుంది, మాన్యువల్ ఉంటుంది, డబ్బు పంపే ఫారం ఉంటుంది, ఒకటో రెండో ఉదాహరణ ప్రోగ్రాములు ఉంటాయి. మాన్యువల్ ఫైలు పేరు చివర డాక్ అని ఉంటే వర్డ్ ఫైలు అనుకోవద్దు. ఆ రోజుల్లో మామూలు టెక్స్టు ఫైలుకే ఆ పేరు పెట్టేవారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పట్టికల గీతలు ఉండవలసిన చోట, నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారు పడకు. గీతల గుర్తులకు డాస్‌లో ఉన్న సంఖ్యలు విండోస్‌లో వేరే అక్షరాలకు చెందుతాయి, అంతే. ఇప్పటి కంప్యూటర్లో డాస్‌ను నడిపించే డాస్‌బాక్స్‌లో తెరిస్తే గీతలు గీతల్లాగే వస్తాయి.

ఆ కాగితాలు చదవమని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినాలి. 1993లో రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జికి నేను రసీదుల ప్రోగ్రాము రాశాను. రెండు ఫ్లాపీ డ్రైవులు, 640 కిలోబైట్ల మెమరీ, ఆకుపచ్చ అక్షరాల తెర. తెర మీద కిటికీలు గీయడం, పేర్లు కాపీ చేయడం, తేదీలు లెక్కకట్టడం అన్నీ సొంతంగా రాసే ఓపిక లేక, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లి, మిత్రుడి దగ్గర ఒక షేర్‌వేర్ లైబ్రరీ ఫ్లాపీలో ఎక్కించుకుని వచ్చాను. ఉదాహరణ ప్రోగ్రాము చూశాను, పని మొదలుపెట్టాను. మాన్యువల్ తెరవనే లేదు. నాలుగైదు పేర్లతో పరీక్షించి లాడ్జిలో పెట్టాను. నెలల తరబడి బాగానే నడిచింది.

బ్రహ్మోత్సవాలు వచ్చాయి. గదులు నిండిపోయాయి. అప్పుడు రసీదులు చెడిపోవడం మొదలైంది. యాత్రికుడి పేరులో మొదటి అక్షరం ఒక్కటే అచ్చవుతోంది. గది సంఖ్య ఉండవలసిన చోట అర్థంలేని గుర్తులు. వసారాలో పిల్లలను ఎత్తుకుని నిలబడిన యాత్రికులు, చేతిరాత రసీదు పుస్తకం తీసిన గుమాస్తా ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నారు.

రెండు రాత్రులు కూర్చున్నాను. రెండో రాత్రి, ప్రోగ్రామును ఆపి ఆపి చూపించే డాస్ పరికరం డీబగ్‌లో ఒక్కొక్క అడుగూ నడిపిస్తుంటే, రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపల సంఖ్యలు ఉంచుకునే గళ్ల) వరుస చివర ఫ్లాగుల (అటా ఇటా అని చెప్పే గుర్తుల) దగ్గర ‘యూపీ’ అని ఉండవలసిన చోట ‘డీఎన్’ అని కనిపించింది. కాపీ ముందుకు నడవాలా వెనక్కి నడవాలా అని చెప్పే డైరెక్షన్ ఫ్లాగ్ తిరగబడి ఉంది. తప్పు నాదే. తెర మీది వరుసలను ఒక వరుస కిందికి జరపడానికి నేనే ఒక రొటీన్ రాశాను. అలా జరిపేటప్పుడు చివరి నుంచి కాపీ చేసుకుంటూ రావాలి, లేకపోతే ఇంకా కాపీ కాని వరుస మీదే రాసేస్తాం. అందుకని ఆ ఫ్లాగ్‌ను వెనక్కి తిప్పే ఎస్‌టీడీ పెట్టాను. పని అయ్యాక దాన్ని మళ్లీ ముందుకు తిప్పే సీఎల్‌డీ పెట్టడం మరిచాను. పేర్లు ఒక తెరలో పట్టినంత కాలం ఆ రొటీన్‌తో పనే పడలేదు. పండుగ రద్దీలో జాబితా పెరిగి, గుమాస్తా పై బాణం నొక్కి పాత పేర్లు చూసిన ప్రతిసారీ ఫ్లాగ్ తిరగబడేది. ఆ తర్వాత లైబ్రరీ పేరును కాపీ చేయబోతే, మొదటి అక్షరం సరైన చోట పడి, మిగిలినవన్నీ వెనక్కి నడిచి, మెమరీలో దానికి ముందున్న గది సంఖ్యను తొక్కేసేవి. డైరెక్షన్ ఫ్లాగ్ శుభ్రంగా ఉందని నమ్మి ఈ రొటీన్లు రాశానని రచయిత మాన్యువల్ రెండో పేజీలోనే చెప్పుకున్నాడు. నేను చదవలేదు.

అప్పటి నుంచి ఏ లైబ్రరీ పట్టుకున్నా ఒక నోటుబుక్కు పెడుతున్నాను. ప్రతి రొటీన్‌కూ ఒక పద్దు: మనం ఏమి ఇవ్వాలి, అది ఏమి తిరిగి ఇస్తుంది, దారిలో ఏమి పాడు చేస్తుంది. ఉదాహరణకు సంఖ్యను అక్షరాలుగా మార్చే రొటీన్ ఒకటి ఉందనుకో. ఏఎక్స్ అనే రిజిస్టర్‌లో సంఖ్య, డీఐలో ఆ అక్షరాలు రాయవలసిన చోటు ఇస్తాం. ఎన్ని అంకెలు వచ్చాయో సీఎక్స్‌లో చెబుతుంది. ఏఎక్స్, డీఎక్స్ పాడవుతాయి. ఈ ఒక్క పద్దు రాసుకోకుండా దానిని లూపులో పెట్టావంటే ఏమవుతుందో చూడు. లూప్ ఇన్‌స్ట్రక్షన్ లెక్క పెట్టుకునేది కూడా సీఎక్స్‌తోనే. పదిసార్లు తిరగవలసిన లూపు, ఒక అంకె సంఖ్య వస్తే మొదటిసారికే ఆగిపోతుంది. ప్రతిసారీ రెండంకెల సంఖ్యే వస్తుంటే ఎప్పటికీ ఆగదు. కాల్‌కు (రొటీన్‌ను పిలిచే ఆజ్ఞకు) ముందు సీఎక్స్‌ను దాచే పుష్ సీఎక్స్, తర్వాత దాన్ని తిరిగి తెచ్చే పాప్ సీఎక్స్ పెడితే సరిపోయే పని.

మాన్యువల్ చెప్పిందని కూడా గుడ్డిగా నమ్మవద్దు. కొత్త రొటీన్‌ను ప్రాజెక్టులో పెట్టే ముందు పది వరుసల చిన్న ప్రోగ్రాము రాయి. ఆ రొటీన్ అడగని రిజిస్టర్లలో బీఎక్స్‌కు 2222, ఎస్‌ఐకి 5555 అన్నట్టు గుర్తుపట్టగల విలువలు నింపు. డీబగ్‌లో ‘పీ’ కొట్టి కాల్‌ను ఒక్క అడుగులో దాటించు. ‘టీ’ కొడితే రొటీన్ లోపలికి వెళ్లిపోతావు. దాటాక రిజిస్టర్లు చూడు. ఏ విలువ మారిందో కంటికే కనబడుతుంది. అది పద్దులో రాసుకో. నీకు దొరికిన లైబ్రరీలో నూట యాభై రొటీన్లు ఉన్నాయన్నావు. నీ ప్రాజెక్టుకు ఏడెనిమిది మించి అవసరం పడవు. వాటికే ఈ పని చెయ్యి.

ప్రోగ్రాము పరిమాణం పెరిగిపోతుందని భయపడ్డావు కదా. నీ కోడునూ లైబ్రరీనీ కలిపే లింకర్, లైబ్రరీ మొత్తాన్ని నీ ప్రోగ్రాములోకి లాగదు. బియ్యం బస్తా ఇంట్లో ఉన్నా పొయ్యి మీదికి ఎక్కేది సోలెడే కదా, అలాగే నువ్వు పేరు పెట్టి పిలిచిన రొటీన్ ఉన్న మాడ్యూలునే తీసుకుంటుంది. అయితే రచయిత ఇరవై రొటీన్లు ఒకే మాడ్యూలులో పెట్టి ఉంటే ఇరవయ్యీ వచ్చి కూర్చుంటాయి. లింకర్ రాసిచ్చే మ్యాప్ ఫైలు చూస్తే ఏవి వచ్చాయో తెలుస్తుంది.

మొదటి రోజు నిన్ను ఎక్కువగా వేధించేది మెమరీ మోడల్, అంటే కోడు, డేటా ఎన్ని సెగ్మెంట్లలో ఉంటాయన్న ఏర్పాటు. 8086 ప్రాసెసర్‌లో ఒక సెగ్మెంటు, అంటే మెమరీలో ఒక భాగం, 64 కిలోబైట్లే. అదే సెగ్మెంటులోని రొటీన్‌ను పిలిస్తే నియర్ కాల్, స్టాకులో (తాత్కాలికంగా విలువలు దాచుకునే మెమరీలో) రెండు బైట్ల తిరుగు చిరునామా. వేరే సెగ్మెంటులో ఉంటే ఫార్ కాల్, నాలుగు బైట్లు. నువ్వు నియర్ అనుకుని పిలిచినదాన్ని రచయిత ఫార్‌గా రాసి ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు అది స్టాకు నుంచి రెండు బైట్లు అదనంగా తీసుకుని ఎక్కడికో వెళ్లిపోతుంది. తెర బిగుసుకుపోతుంది. లైబ్రరీ ఏ మోడల్‌కు తయారైందో చూసి, నీ ప్రోగ్రాము పైన అదే మోడల్ రాయి. సెగ్మెంటు ఎక్కడుందో చెప్పే రిజిస్టర్లలో డీఎస్‌తో పాటు ఈఎస్‌ను కూడా డేటా సెగ్మెంటుకు చూపించు. ల్యాబులో డీఎస్ ఒక్కటే నింపి వదిలేస్తారు, కానీ అక్షరాల వరుసలను కాపీ చేసే స్ట్రింగ్ ఇన్‌స్ట్రక్షన్లు రాసేది ఈఎస్ చూపే సెగ్మెంటులోకి. స్ట్రింగు చివర ఏ గుర్తు ఉండాలో కూడా చూడు. స్ట్రింగును తెర మీద చూపించే డాస్ 9వ నంబరు సర్వీసుకు డాలర్ గుర్తు కావాలి. చాలా లైబ్రరీలు సున్నా బైటు అడుగుతాయి.

ఇక డబ్బు సంగతి. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. షేర్‌వేర్ అంటే ఉచితం కాదు. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే తన పీసీ-టాక్‌ను, జిమ్ నాఫ్ తన డేటాబేస్ ప్రోగ్రాము పీసీ-ఫైల్‌ను ఇలాగే జనంలోకి వదిలారు: కాపీ చేసుకోండి, పదిమందికీ ఇవ్వండి, పనికొస్తే డబ్బు పంపండి అని. అసెంబ్లీ రాసేవాళ్లకు ఎరిక్ ఐజాక్‌సన్, అసెంబ్లీని యంత్రభాషగా మార్చే తన ఏ86 అసెంబ్లర్‌ను ఆ పద్ధతిలోనే ఇచ్చాడు. తాళం వేయకుండా, కాపలా పెట్టకుండా, మొహం తెలియని మనిషిని నమ్మి ఇచ్చే సరుకు అది. లాడ్జి ప్రోగ్రాముకు నాకు డబ్బు ముట్టింది. అందులో సగం శ్రమ ఆ లైబ్రరీ రాసిన ఆయనది. ఇక్కడి నుంచి డాలర్లు పంపడం అప్పట్లో నాకు చేతకాలేదు. రెండేళ్ల తర్వాత తెలిసినవాళ్లు ఒకరు అమెరికా వెళుతుంటే వాళ్ల ద్వారా పంపాను. అచ్చు వేసిన మాన్యువల్, కొత్త ఫ్లాపీ తపాలాలో వచ్చిన రోజు, గోవిందరాజస్వామి గుడి వీధిలో కవరు చేత పట్టుకుని నడిచిన నడక నాకు బాగా గుర్తు. నీ లైబ్రరీలోని షరతులు పూర్తిగా చదువు. పాత లైబ్రరీలు కొన్నింటిని తర్వాత రచయితలే ఉచితం చేశారు, నీది ఏ కోవలోదో చూడు. డబ్బు అడుగుతుంటే, రచయిత అందుబాటులో ఉంటే పంపుదాం, అది నేను ఇస్తాను. ఏదైనా సరే, ప్రాజెక్టు రిపోర్టులో ఆయన పేరు, లైబ్రరీ పేరు, వర్షన్ సంఖ్య స్పష్టంగా రాయాలి.

ఈ వారం ఒక్క రొటీనే పిలువు. తెర తుడిచేదో, ఒక వాక్యం చూపించేదో చాలు. లింకర్ పేరు దొరకలేదని మొరాయిస్తే లైబ్రరీలోని పేర్ల జాబితా తీసి, చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, ముందు అండర్‌స్కోర్ ఉందో లేదో పోల్చి చూడు. వచ్చే ఆదివారం చిత్తూరులో పొద్దున్నే బస్సు ఎక్కితే టిఫిను వేళకు ఇంటికి చేరతావు. ల్యాప్‌టాప్ మరిచినా ఫరవాలేదు, డాస్‌బాక్స్ నా దగ్గర ఉంది. పద్దుల నోటుబుక్కు మాత్రం తీసుకురా. మొదటి పేజీ ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న