ఇంట్లో కడుతున్న బగ్గీ ఛాసిస్ కోసం పీఎఫ్ తీయవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విశాఖ దగ్గర పెందుర్తిలో ఉంటాం. ఫ్యాబ్రికేషన్ కంపెనీలో సూపర్‌వైజర్‌ని, చేతికి 58 వేలు వస్తుంది. రెండేళ్లుగా ఇంటి షెడ్డులో పైపులతో బగ్గీ (మట్టి దారుల్లో నడిపే చిన్న బండి) ఛాసిస్, అంటే ఫ్రేము, కడుతున్నాను. పాత మారుతి 800 కొని ఇంజిన్, గేర్‌బాక్స్ తీసుకున్నాను. ఇప్పటికి లక్షా 90 వేలు అయింది, ఇంకో 3 లక్షల 20 వేలు కావాలి. వచ్చే నెల పటాన్‌చెరులో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను, జీతం 78 వేలు. మా ఆవిడకు ఆరో నెల. స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసింది. బాబుకు నాలుగేళ్లు. ఎఫ్‌డీ 2 లక్షల 60 వేలు, ఏడేళ్ల సర్వీసుతో పీఎఫ్ 5 లక్షల 10 వేలు, 14 తులాల బంగారం ఉన్నాయి. అప్పుల్లేవు. ఇల్లు మారేలోపే బగ్గీ పూర్తి చేయాలని ఉంది. పీఎఫ్ తీయనా, బంగారం పెట్టనా, పర్సనల్ లోన్ తీసుకోనా? నర్సీపట్నం దగ్గర మామగారి జీడితోటలో కొన్నాళ్లు నడిపి, తర్వాత రిజిస్ట్రేషన్ చేయించి అమ్మితే డబ్బు తిరిగొస్తుందని అనుకుంటున్నాను.

జవాబు: మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. మిగతా లెక్కంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఈ బగ్గీకి రిజిస్ట్రేషన్ వస్తుందని నమ్మి ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

మన దేశంలో రోడ్డు మీదికి వచ్చే ప్రతి మోడల్ సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లోని 126వ రూల్ ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్ష సంస్థల్లో పరీక్ష నెగ్గాలి. వేల సంఖ్యలో బండ్లు అమ్మే కంపెనీలు భరించగలిగే ఖర్చు, శ్రమ అది. ఒక్క బండి కోసం మీరు ఆ దారిన వెళ్లలేరు. మారుతి ఆర్‌సీ చేతిలో ఉంది కదా, దాని మీద నడిపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ ఆర్‌సీ ఆ ఛాసిస్ నంబరుకు సంబంధించినది. ఆ నంబరు కోసి మీ ఫ్రేముకు అతికించడం చట్టవిరుద్ధం. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 182ఎ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డు మీద ఎవరికైనా తగిలితే పరిహారమంతా మీ జేబులోంచే కట్టాలి.

ఈ సందర్భంలోనే ఇంకో పని చూసుకోండి. ఆ మారుతి ఆర్‌సీ ఇప్పుడు ఎవరి పేరున ఉంది? పాత యజమాని పేరునే ఉంటే ముందు మీ పేరుకు మార్పించుకోండి. బండి ఇక వాడకానికి పనికిరాదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 కింద ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించండి. ఊరు మారకముందే ఇది పూర్తి కావాలి. హైదరాబాద్ నుంచి విశాఖకు దీనికోసం తిరగడం చాలా కష్టం.

జీడితోటలో మీ సొంత సరదాకు నడుపుకోవడం వేరే సంగతి. అందుకే కట్టడం మానేయమని చెప్పను. రెండేళ్లు సాయంత్రాలూ ఆదివారాలూ పెట్టి చేసిన పనికి విలువ ఉంది. కాకపోతే దాన్ని ఆస్తుల లెక్కలో కాకుండా ఖర్చుల లెక్కలో రాసుకోండి. ఖర్చు కోసం అప్పు చేయకూడదు, అందులోనూ కాన్పుకు మూడు నెలల ముందు.

మీరు అడిగిన మూడు దారులూ చూద్దాం. పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 10,900 రూపాయలు. వడ్డీయే 73 వేలు దాటుతుంది. బంగారం మీ ఆవిడది. కాన్పులో అనుకోని ఖర్చు వస్తే ఎఫ్‌డీ కాక ఒక్క పూటలో డబ్బు తెచ్చుకోగల ఆధారం మీ ఇంట్లో అదొక్కటే. దాన్ని ఇప్పుడు బ్యాంకులో పెట్టేస్తే ఆ రోజు ఎఫ్‌డీ తప్ప చేతిలో ఏమీ ఉండదు.

పీఎఫ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మీరు వెంటనే ఇంకో ఉద్యోగంలో చేరుతున్నారు కాబట్టి ఫైనల్ సెటిల్‌మెంట్‌కు అర్హత ఉండదు. ఏదో కారణం రాసి అడ్వాన్స్ తీసుకునేవాళ్లు ఉన్నారు. మీరు ఆ పని చేయకండి. ముఖ్యంగా పీఎఫ్‌తో పాటే ఉండే పెన్షన్ ఖాతా ముట్టుకోకండి. పెన్షన్ హక్కు రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. మీకు ఏడు పూర్తయ్యాయి. ఇప్పుడు ఆ డబ్బు తీస్తే ఈ ఏడేళ్లూ పోయి మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలవుతుంది. కొత్త కంపెనీకి పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుడి నంబరు) ఇచ్చి, పాత బ్యాలెన్స్‌ను ట్రాన్స్‌ఫర్ చేయించండి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది హెల్త్ ఇన్సూరెన్స్. పాత కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. సొంతంగా ఇప్పుడు పాలసీ కొన్నా ప్రసూతి ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఈ కాన్పుకు పనికిరాదు. అందుకని కొత్త కంపెనీ హెచ్ఆర్‌ను ఇవాళే మెయిల్‌లో అడగండి. ప్రసూతి కవర్ చేరిన రోజు నుంచే ఉందా? సిజేరియన్‌కు పరిమితి ఎంత? పుట్టిన బిడ్డ పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి? మీ ఆవిడ కాన్పుకు పుట్టింటికి వెళ్తే అక్కడి ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. కవర్ లేదంటే చేరకముందే రీలొకేషన్ ఖర్చు ఇవ్వమని అడగండి. ఒకసారి చేరిపోయాక అడగడం కష్టం.

టర్మ్ ఇన్సూరెన్స్ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) గురించి మీరు రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నాను. పీఎఫ్ సభ్యులకు ఉండే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షలే. ఇద్దరు పిల్లల ఇంటికి అది ఏ మూలకూ చాలదు. రాజీనామాకు ముందే, ఇప్పటి జీతం స్లిప్పులతో కోటి రూపాయల టర్మ్ పాలసీకి దరఖాస్తు చేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. ఫారంలో ఆఫ్‌రోడ్ నడుపుతారని, ఇంట్లో వెల్డింగ్ చేస్తారని దాచకుండా రాయండి.

ఇక చేతిలోని డబ్బు. ఇల్లు మారడానికి, కొత్త ఇంటి అడ్వాన్సుకు 70 వేలు తీసేస్తే ఎఫ్‌డీలో లక్షా 90 వేలు మిగులుతాయి. కాన్పు ఖర్చు మీరే పెట్టుకోవాల్సి వస్తే ఇంకో లక్ష పోతుంది. హైదరాబాద్‌లో ఇంటి ఖర్చు నెలకు 52 వేలు అనుకుంటే, ఆరు నెలలకు అత్యవసర నిధి 3 లక్షల 12 వేలు ఉండాలి. కొత్త జీతంలోంచి నెలకు 15 వేలు పక్కన పెడితే, కాన్పు ఖర్చు బీమా భరిస్తే ఎనిమిది నెలలకు కాస్త పైన, లేకపోతే దాదాపు పదిహేను నెలలు పడుతుంది. అప్పటిదాకా బగ్గీకి కొత్తగా ఏమీ కొనకండి. నిధి నిండాక ఆ 15 వేలలో 10 వేలు సిప్‌కు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడికి), 5 వేలు బగ్గీకి మళ్లించండి. గేర్ లింకేజీ, సస్పెన్షన్, టైర్లు ఒక్కొక్కటిగా అమరుతాయి.

ఇప్పుడు చేయాల్సిన బగ్గీ పని ఒక్కటే. విశాఖ ఉప్పుగాలికి పెయింటు లేని ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. టాక్ వెల్డింగ్‌తో (అక్కడక్కడా చుక్కలుగా అతికించి) వదిలేసిన జాయింట్లుంటే వెళ్లేలోపు ఫుల్ వెల్డింగ్ పూర్తి చేసి, గ్రైండింగ్ చేసి, రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి. పైపుల చివర్లు మూసేయండి, ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోయండి. పటాన్‌చెరు వైపు షెడ్డున్న ఇల్లు వెతికితే అద్దె పెరుగుతుంది, పైగా ఛాసిస్ అంత దూరం మోసుకెళ్లే ఖర్చు. మామగారు ఒప్పుకుంటే చిన్న ట్రాలీ ఆటోలో తోట దగ్గరి రేకుల షెడ్డుకు చేర్చండి. కాన్పుకు మీ ఆవిడను దించడానికి అటు వెళ్లేటట్లయితే, ఆ ప్రయాణానికి ముందే ఈ పని పెట్టుకోండి.