మొసలి పిల్లల తొట్టి దగ్గర

ఒరే నానా,

నువ్వు జూలో కీపర్‌గా చేరుతున్నావని, మొసలి పిల్లల తొట్టి నీకే అప్పగిస్తున్నారని అప్ప నిన్న ఫోన్లో చెప్పింది. ఆమదాలవలసలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తొట్టి అడుగు గరుకుగా ఉంటే పిల్లల పొట్టలు ఒరుసుకుపోతాయి, చేత్తో తడిమి చూడు. దాక్కోడానికి నీడ, ఎండ కాగడానికి గట్టు రెండూ ఉండాలి. చేపలు ముళ్లతోనే వెయ్యి.

నా భయమంతా తిండి దగ్గరే. నేను కీపర్‌గా చేరిన మొదటి ఏడాది, ఎండాకాలంలో గుడ్డు పగిలి వచ్చిన పదకొండు మగ్గర్ జాతి మొసలి పిల్లల్ని నాకు అప్పగించారు. డిసెంబరుకి మూరెడేసి అయ్యాయి. నా అడుగు చప్పుడు వింటే గట్టు దగ్గరికి వచ్చేసేవి. ఒక వారం మబ్బు, చలిగాలి. పిల్లలు కదలడం మానేశాయి. ఆకలితో నీరసపడ్డాయనుకుని, ఎవరినీ అడక్కుండా రెండింతలు చేప ముక్కలు నోటికి అందించాను. మొసలికి ఒంట్లో సొంత వేడి ఉండదురా. బయట వెచ్చగా ఉంటేనే కడుపులో తిండి అరుగుతుంది, లేకపోతే అక్కడే కుళ్లిపోతుంది. నాలుగో రోజు పొద్దున ఒక పిల్ల పక్కకి ఒరిగి తేలుతోంది. పొట్ట ఉబ్బింది. చేతిలోకి తీసుకుంటే నోట్లోంచి చేప ముక్క జారింది. దాని పొలుసు కూడా చెదరలేదు, వాసన మాత్రం భరించలేనిది. వారంలో మూడు పోయాయి. ప్రేమతో పెట్టి నా చేతులతోనే చంపుకున్నాను.

అందుకే, గుంటడా, వాటి మొహం చూసి తిండి పెట్టకు. నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడు. 30 డిగ్రీల దగ్గరుంటే వెయ్యి. ఎండెక్కాక కూడా 25 దాటకపోతే ఆపెయ్. వారం పస్తుంటే ఏమీ కాదు.

అమ్మకి చూపిద్దామని ఒక్క పిల్లని కూడా ఇంటికి తేకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మగ్గర్ మొదటి షెడ్యూల్లో ఉంది, దొరికితే కనీసం మూడేళ్లు జైలు.

పట్టుకునేటప్పుడు తోడు లేకుండా దిగకు. నోరు తెరిచే కండకి బలం లేదు, టేపు చుడితే తెరవలేదు. మూసే కండ అలా కాదు. చిన్నప్పుడు నాగావళి ఒడ్డున నా బొటనవేలు పట్టుకుని నడిచిన వేళ్లు నీవి, అవే నా కళ్ల ముందు ఆడుతున్నాయి.

చేరిన రోజు నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చూసి రాత్రికి ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ మావ