పాముల కంటే ముందు కంగారూల సంగతి తెలుసుకోండి: న్యూ సౌత్ వేల్స్ పల్లెలో మా బతుకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ: మీవారికి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో లోపలెక్కడో చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఇద్దరు చిన్నపిల్లలు, పాములూ సాలీళ్ళూ అంటే భయం, పైగా శని ఆదివారాలు అక్కడ ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

మేం ఉండేది నారోమైన్‌లో. సిడ్నీ నుంచి బ్లూ మౌంటెన్స్ దాటుకుని ఐదు గంటలు కారు నడిపితే డబ్బో వస్తుంది. అక్కడి నుంచి పడమరగా ఇంకో 40 కిలోమీటర్లు. విరాజురీ ఆదివాసుల నేల ఇది. చుట్టూ గోధుమ, పత్తి. మాది గుంటూరు వైపు కాబట్టి పత్తి చేలు కొత్తేం కాదు గానీ, ఇక్కడ పత్తి ఏరే మనిషి ఒక్కరు కనపడరు, అంతా యంత్రాలే. క్రికెట్ ఫాస్ట్ బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ చిన్నప్పుడు పెరిగింది ఈ ఊళ్ళోనే, కంచు విగ్రహం కూడా పెట్టారు. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు సిడ్నీ ఒపేరా హౌస్ దగ్గర కంటే ఈ విగ్రహం దగ్గరే ఎక్కువ ఫొటోలు దిగారు.

ముందు పాముల సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీరు చదవరు. ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఎక్కువ భయపడాల్సింది ఈస్టర్న్ బ్రౌన్ అనే పాముకి. సన్నగా, గోధుమ రంగులో, చాలా చురుగ్గా ఉంటుంది. ఆస్ట్రేలియాలో పాముకాటు చావుల్లో ఎక్కువ దీని వల్లే. కానీ దేశం మొత్తం మీద ఏడాదికి సగటున ఇద్దరో ముగ్గురో చనిపోతారు. మన ఇండియాలో ఈ లెక్క ఏడాదికి 58,000 దాకా ఉంటుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే మీరు ఎక్కువ ప్రమాదం ఉన్నచోటి నుంచి తక్కువ ప్రమాదం ఉన్నచోటికి వస్తున్నారన్న మాట.

చేయాల్సినవి కొన్నే. పెరట్లో గడ్డి పొట్టిగా ఉంచాలి, పాత రేకులు, కట్టెల కుప్పలు ఉండనివ్వకూడదు, కోళ్ళ దాణా కింద ఒలకనివ్వకూడదు. దాణాకి ఎలుకలొస్తే, ఎలుకల కోసం పాము వస్తుంది. కనపడితే కర్ర తీసుకుని వెంటపడకండి. చట్టం ఒప్పుకోదు, పైగా కాట్లలో చాలా భాగం అలా కొట్టబోయినప్పుడో పట్టబోయినప్పుడో జరిగేవే. లైసెన్సు ఉన్న పాములు పట్టేవాళ్ళు ఉంటారు, ఫోన్ చేస్తే వస్తారు. ఒకవేళ కాటు పడితే కడగొద్దు, కోయొద్దు, పైన తాడు కట్టొద్దు. వెడల్పాటి క్రేప్ బ్యాండేజీతో కాలో చెయ్యో మొత్తం గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి ఇక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. ఆ బ్యాండేజీలు మా కారులో ఒకటి, వంటింట్లో ఒకటి ఎప్పుడూ ఉంటాయి. సాలీళ్ళ గురించి ఇంత కూడా అక్కర్లేదు. షెడ్‌లో వదిలేసిన బూట్లు దులిపి తొడుక్కోమని పిల్లలకి అలవాటు చేయండి, చాలు.

అసలు టెన్షన్ కంగారూలతో. వచ్చే ముందు ఇది ఎవరూ చెప్పరు, అందరూ కంగారూ అనగానే ముద్దుగా టూరిజం పోస్టర్ బొమ్మ ఊహించుకుంటారు. ఇక్కడ రోడ్ల మీద వేగం గంటకు 100, 110 కిలోమీటర్లు. పొద్దుగూకే వేళ, తెల్లారుజామున అవి మేతకి రోడ్డు పక్కకి వస్తాయి. కరువు రోజుల్లో మరీను, ఎందుకంటే తారు మీద పడ్డ కాసిన్ని చినుకులు పక్కకి జారి ఆ అంచునే పచ్చగడ్డి మొలుస్తుంది. లైట్లు పడగానే కంగారూ నిలబడిపోతుంది, తర్వాత ఎటు దూకుతుందో దానికే తెలియదు. ఒకటి దాటిపోయింది కదా అని యాక్సిలేటర్ నొక్కితే వెనకే రెండోది ఉంటుంది. స్టీరింగ్ మాత్రం పక్కకి తిప్పకండి. కంగారూని తప్పించబోయి చెట్టుని గుద్దినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. తిన్నగా బ్రేక్ వేయాలి. మా ఇంట్లో నియమం ఏమిటంటే మసక చీకట్లో ప్రయాణం లేదు. డబ్బోకి సరుకులకి వెళ్ళినా సూర్యుడుండగానే తిరుగు ముఖం పట్టాలి. శీతాకాలంలో ఆఫీసు వదిలే టైమూ పొద్దుగూకే టైమూ ఒకటే అవుతాయి కాబట్టి మే నుంచి ఆగస్టు దాకా మరీ జాగ్రత్త. ఊళ్ళో సగం బండ్లకి ముందు దెబ్బ కాచుకునే ఇనప కమ్మీ, బుల్ బార్ అంటారు, ఉండేది అందుకే. ఇన్సూరెన్స్ కూడా జంతువులు గుద్దితే వర్తించేదే తీసుకోండి.

రోడ్డు పక్కన చచ్చిపడున్న కంగారూ ఒంటి మీద రంగుతో ఇంటూ గుర్తు కనిపిస్తే మీకు విచిత్రంగా అనిపించవచ్చు. తల్లి పోయినా సంచిలో పిల్ల బతికి ఉండే అవకాశం ఉంది. వైర్స్ లాంటి వన్యప్రాణుల్ని కాపాడే సంస్థల వలంటీర్లు ఆపి, సంచి తడిమి చూసి, చూశామని గుర్తు పెట్టి పోతారు. మా పక్కింటావిడ ఈ పని చేస్తుంది. ఒకసారి ఆవిడ తెచ్చిన పిల్లని చూశాను. ఇంకా వెంట్రుకలు రాలేదు, గులాబీ రంగు చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి, చెవులు తల వెనక్కి అతుక్కుని ఉన్నాయి. పాత ఉన్ని టోపీలో పెట్టి, దాన్ని తన స్వెటర్ లోపల వేలాడేసుకుని వంట చేసుకుంటోంది. అంత చిన్న పిల్ల నోట్లో చనుమొన ఉబ్బి బిగుసుకుని ఉంటుందట, లాగితే నోరు పాడవుతుందట. కాబట్టి మీకెప్పుడైనా ఎదురైతే మీరు లాగకండి, వాళ్ళకి ఫోన్ చేయండి.

పిట్టల గురించి రాస్తే ఈ జవాబు తెగదు. గలా అని గులాబీ బూడిద రంగుల కాకటూలు ఉంటాయి, గోధుమ లారీల నుంచి రాలిన గింజల కోసం రోడ్డంతా పరుచుకుంటాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మాగ్‌పైలు గూళ్ళు పెడతాయి. అప్పుడు కొన్ని మగ పక్షులు సైకిలు తొక్కే పిల్లల తల మీదికి వెనక నుంచి దూసుకొస్తాయి. మా వాడి హెల్మెట్ నిండా వైర్లు బిగించి కట్టే ప్లాస్టిక్ పట్టీలు ముళ్ళలా నిలబెట్టి కట్టాం. దారి మార్చడమే నయం. అవి మనుషుల ముఖాలు గుర్తుపడతాయి, మా వాడితో దానికేం పాతకక్షో మరి. 2021లో ఎలుకల దండు వచ్చింది ఈ ప్రాంతానికి. రాత్రంతా సీలింగులో పరుగులు, ఊరంతా ఆ వాసన. మీరు దాన్ని తప్పించుకున్నారు, అదృష్టవంతులు.

వారాంతాలకి వస్తే, మాల్ లేదు, మల్టీప్లెక్స్ లేదు, శనివారం మధ్యాహ్నానికి సగం షాపులు మూసేస్తారు. ఈ ఒక్క విషయం ఒప్పుకుంటే చేయడానికి చాలా ఉంది. డబ్బోలో టరోంగా వెస్ట్రన్ ప్లెయిన్స్ జూ 1977 నుంచి ఉంది. లోపల ఆరు కిలోమీటర్ల రోడ్డు చుట్టు, కారులోనో సైకిలు మీదో తిరగొచ్చు. పిల్లలుంటే ఏడాది పాస్ తీసుకోండి. దక్షిణంగా గంట పైన వెళ్తే పార్క్స్ దగ్గర 64 మీటర్ల రేడియో టెలిస్కోప్, 1961 నాటిది. 1969లో చంద్రుడి మీద మనిషి నడుస్తుంటే ప్రపంచం టీవీలో చూసిన దాంట్లో చాలా భాగం దీని గుండా వచ్చిందే. గొర్రెల పొలం మధ్య అంత పెద్ద గిన్నె నెమ్మదిగా తిరుగుతుంటే చూడాలి. ఉత్తరాన వారంబంగిల్ నేషనల్ పార్క్ రెండు గంటలకు పైనే. 2016లో ఆస్ట్రేలియాలో మొదటి డార్క్ స్కై పార్క్‌గా, అంటే దీపాల వెలుతురు పాడుచేయని చీకటి ఆకాశం ఉన్న పార్కుగా గుర్తింపు వచ్చింది దానికి. రాత్రి అక్కడే క్యాంపు వేస్తే పాలపుంత అంటే ఏమిటో తెలుస్తుంది. మన ఊళ్ళో చూసే వేటగాడి చుక్కల గుంపు ఇక్కడ తలకిందులుగా ఉంటుంది. వేసవిలో వెళ్ళేముందు మాత్రం మంటల హెచ్చరికలు చూసుకోండి. 2013 జనవరిలో ఆ పార్కులో చాలా భాగం తగలబడిపోయింది.

నాకు మాత్రం ఆదివారం అంటే మెక్వారీ నది గట్టు. చేపలకి లైసెన్సు కావాలి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అందరికీ కావాల్సింది మర్రే కాడ్. అది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నదుల్లో పట్టకూడదు, మిగతా నెలల్లో కూడా 55 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య ఉన్నదే ఉంచుకోవాలి. గట్టు మీద కొలబద్ద పెట్టుకుని కూర్చుంటారు అందరూ. కానీ గాలానికి ఎక్కువ పడేది కార్ప్, మన బంగారు తీగే. ఇక్కడ దాన్ని పురుగు కంటే హీనంగా చూస్తారు. బయటి నుంచి తెచ్చిన చేప, అడుగు బురద కెలికి నదిని పాడుచేస్తోందని కోపం. ఎన్ని పట్టుకున్నా లెక్క లేదు. పక్కన గాలం వేసిన పెద్దాయన తనకి పడ్డవన్నీ నిమ్మచెట్టు మొదట్లో పాతిపెడతానని చెప్పాడు. నేను నాకిమ్మన్నాను. పొలుసు తీసి, ఉప్పు పసుపు పట్టించి కాసేపు మజ్జిగలో వేసి, వెన్ను పక్కన నల్లగా ఉండే కండ తీసేస్తే మట్టివాసన పోతుంది. పులుసు పెట్టి ఆయనకి ఒక డబ్బా ఇచ్చాను. ఇప్పుడు పడ్డవాటిలో పెద్దవి నా కోసం బకెట్లో వేసి ఉంచుతాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. డాక్టరు అపాయింట్‌మెంట్‌కి వారాలు ఆగాలి, స్పెషలిస్టు అంటే డబ్బోకో సిడ్నీకో వెళ్ళాలి. ఊరు దాటితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి బండిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. తెలుగు మాట వినాలంటే డబ్బో వెళ్ళాలి, అక్కడ ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్ళు కొందరున్నారు. మీరు మొదట్లో ఒంటరిగా ఉన్నామనుకుంటారు గానీ, ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపి పలకరిస్తాడు. మీరూ లేపండి. పిల్లల్ని శనివారం క్రికెట్లోనో నెట్‌బాల్‌లోనో చేర్చండి. ఆటల దగ్గర సాసేజీలు కాల్చే డ్యూటీ మీకు పడిన రోజుకి ఊళ్ళో సగం మందికి మీ పేరు తెలిసిపోతుంది.

ఏ నెలలో దిగాలి అంటే ఏప్రిల్ అంటాను. జనవరిలో 40 డిగ్రీలు దాటుతుంది, ఈగలు ముఖం వదలవు. జూన్, జూలైలో రాత్రులు సున్నాకి దిగిపోతాయి, కరివేపాకు మొక్కని కుండీలో పెట్టి ఇంట్లోకి తెచ్చుకోకపోతే మంచుకి మాడిపోతుంది. గోంగూర వేసవిలో బ్రహ్మాండంగా వస్తుంది. కానీ విత్తనాలు ఇండియా నుంచి సూట్‌కేసులో చెప్పకుండా తేకండి, ఎయిర్‌పోర్టులో జరిమానా గట్టిగానే వేస్తారు. ఊరగాయలు, పొడులు కూడా ఫారంలో రాసి చూపించండి, చాలాసార్లు చూసి వదిలేస్తారు.