సెకండ్ హ్యాండ్ రైఫిల్ స్టాక్‌కి 550 డాలర్లు పెట్టాను, మోసపోయానా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను, హెచ్-1బి మీద. ఆఫీసు స్నేహితులతో అడవి పందుల వేటకు వెళ్తుంటాను, హంటింగ్ లైసెన్స్ ఉంది, సొంతంగా రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది (యాక్షన్ అంటే తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం, ఇది అందులో పొట్టి రకం). షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర వాడిన మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్, అంటే యాక్షన్, బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం, 550 డాలర్లకు కొన్నాను. ‘700 షార్ట్ యాక్షన్‌దే, ఎక్కడా కోయలేదు, పగుళ్లు లేవు, 900 డాలర్ల సరుకు’ అని మెసేజ్ పెట్టాడు. ఇంటికొచ్చి బిగించబోతే లోపల వేరే రైఫిల్‌కి బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ లాంటిది పోయడం) చేసి ఉంది, బ్యారెల్ గాడి వెడల్పు చేసి ఉంది, వెనక స్క్రూ దగ్గర సన్నటి పగులు ఉంది. డబ్బు వెనక్కి ఇమ్మంటే ‘పాత సరుకు, చూసుకునే కదా కొన్నావు’ అంటున్నాడు. అసలు దీనికి న్యాయమైన ధర ఎంత? వీసా మీద ఉన్నవాణ్ణి, కోర్టుకి వెళ్తే ఇబ్బందా?

జవాబు: ముందు ఒక మాట. మీరు ధర ఎక్కువ పెట్టలేదు, మీకు చెప్పిన సరుకు ఇవ్వలేదు. ఈ రెండూ చట్టం దృష్టిలో పూర్తిగా వేరు. మీరు ఆయనతో ‘ఎక్కువ తీసుకున్నావు’ అని గొడవ పడుతున్నంతసేపూ గెలవరు, ఎందుకంటే వాడిన వస్తువుకి ఇంతే ధర ఉండాలని టెక్సస్ చట్టం ఎక్కడా చెప్పదు. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ఒప్పుకున్న ధర ఒప్పుకున్నదే.

మరి ధర సంగతి ఎందుకు పట్టించుకోవాలి అంటే, నష్టం లెక్క కట్టేది దానితోనే కాబట్టి. వాడిన స్టాక్‌కి నేను వేసే లెక్క ఇలా ఉంటుంది. అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకి వస్తుందో చూడాలి. అమ్మేవాడు ఎప్పుడో ఎంత పెట్టాడన్నది, ప్రత్యేకంగా వేయించుకున్న రంగుకి ఎంత ఇచ్చాడన్నది అనవసరం, ఆ రంగు ఆయన ముచ్చట. ఉదాహరణకి కొత్తది 800 డాలర్లు అనుకుందాం. ఏ మార్పూ చేయని, అన్ని స్క్రూలు, రీకాయిల్ ప్యాడ్ (భుజానికి ఆనే రబ్బరు మెత్త) బాగున్న స్టాక్‌కి అందులో 65 నుంచి 75 శాతం సబబు. అంటే 520 నుంచి 600 డాలర్లు. మెక్‌మిలన్ లాంటి కంపెనీలు ఆర్డర్ మీద తయారు చేస్తాయి, కొత్తదానికి నెలల తరబడి ఆగాలి, అందుకని వెంటనే చేతికొచ్చే పాతదానికి కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పు పట్టను. బాయ్డ్స్ చెక్క స్టాకుల్లాంటి తక్కువ ఖరీదు వాటికి ఈ వాదన పనిచేయదు, అక్కడ సగం ధర దాటితే కొత్తదే కొనుక్కోవడం నయం. ఇంకో ముఖ్యమైన సంగతి: అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న ధరలు చూడకండి, ఆ ధరలకి సరుకు అమ్ముడుపోయిందో లేదో ఎవరికి తెలుసు. గన్‌బ్రోకర్ లాంటి ఆన్‌లైన్ తుపాకీ వేలం సైట్లలో ముగిసిన వేలాలు చూసి, నిజంగా చేతులు మారిన ధరలు నాలుగైదు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. జడ్జి ముందు పెట్టగలిగేది అదే.

ఇప్పుడు తగ్గింపులు. వేరే రైఫిల్‌కి చేసిన బెడ్డింగ్ తీసేసి మీ యాక్షన్‌కి మళ్లీ చేయించాలంటే గన్‌స్మిత్ 150 నుంచి 300 డాలర్లు తీసుకుంటాడు. వెడల్పు చేసిన గాడి మళ్లీ ఇరుకు కాదు, సన్నటి బ్యారెల్ పెడితే రైఫిల్ పనిచేస్తుంది గానీ చూపుకి బాగోదు, తర్వాత మీరు అమ్మినా ధర రాదు. పగులు మాత్రం చిన్న విషయం కాదండి. వెనక స్క్రూ దగ్గర, అంటే యాక్షన్‌ని స్టాక్‌కి బిగించే చోట వచ్చిన పగులు పేలిన కొద్దీ పెరుగుతుంది. అలాంటి స్టాక్‌కి నేనైతే 200 డాలర్లు కూడా పెట్టను. చెప్పినట్టు ఉంటే 550కి తగిన సరుకే, ఉన్నది 200 సరుకు, కాబట్టి మీ నష్టం సుమారు 350. టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 2.714 చెప్పే కొలత ఇదే: చెప్పినట్టు ఉంటే ఎంత విలువ, ఇప్పుడున్న స్థితిలో ఎంత విలువ, ఆ తేడా.

ఇక ఆయన మెసేజ్‌కి వద్దాం, మీ కేసు మొత్తం అందులోనే ఉంది. అదే కోడ్‌లో 2.313 ప్రకారం అమ్మేవాడు వస్తువు గురించి చెప్పిన నిర్దిష్టమైన మాట, దాన్ని నమ్మి బేరం కుదిరితే, వారంటీ అయిపోతుంది. ‘గ్యారంటీ’ అనే పదం వాడక్కర్లేదు, ఆయన షాపు యజమాని కానక్కర్లేదు. ‘షార్ట్ యాక్షన్‌దే’, ‘ఎక్కడా కోయలేదు’, ‘పగుళ్లు లేవు’ అన్నవి అలాంటి మాటలు. ‘900 డాలర్ల సరుకు’ మాత్రం కాదు. విలువ గురించి చెప్పిన మాటని చట్టం అమ్మేవాడి అభిప్రాయంగానే చూస్తుంది. చాలామంది కోర్టులో పట్టుకుని వేలాడేది ఆ మాటనే, ఓడిపోయేదీ దాని దగ్గరే. మీరు ఆ 900 ఊసు ఎత్తకండి.

‘చూసుకునే కొన్నావు’ అన్న వాదనకి కొంత బలం ఉంది గానీ, అది పైకి కనిపించే లోపాలకి, ఎవరూ మాట ఇవ్వని విషయాలకి. 2.316లో ఉన్నది అదే. నోటితోనో రాతతోనో స్పష్టంగా చెప్పిన మాటని ‘పాత సరుకు’ అని తర్వాత తుడిచేయడం కుదరదు. పైగా మామూలు వ్యక్తి అమ్మినప్పుడు ‘సరుకు వాడుకోదగ్గట్టు ఉండాలి’ అన్న పరోక్ష వారంటీ మీకు రాదు, అది వ్యాపారుల మీదే ఉంటుంది. అందుకే రాసిచ్చిన ఆ మూడు ముక్కలు అంత విలువైనవి. ఇవే మాటలు రేంజ్‌లో నోటితో చెప్పి ఉంటే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదు.

ఒక విషయంలో మాత్రం తొందర పడాలి. లోపం తెలిసిన వెంటనే, సహేతుకమైన సమయంలో, అమ్మినవాడికి చెప్పాలి, లేకపోతే హక్కు పోతుంది. మాట్లాడింది ఫోన్లో అయితే ఇవాళే మెసేజ్ కూడా పెట్టండి: ఏ తేదీన కొన్నారు, ఆయన ఏం చెప్పాడు, మీరు ఏం చూశారు, స్టాక్ తిరిగి ఇచ్చి 550 తీసుకోవడానికి సిద్ధం, లేదా ఉంచుకుని 350 తీసుకోవడానికి సిద్ధం. తిట్లు వద్దు. ఇంకొకటి, దాన్ని ముట్టుకోకండి. ఎలాగూ కొన్నాం కదా అని బెడ్డింగ్ గీకించడం, పగులుకి ఎపాక్సీ పూయించడం చేస్తే వెనక్కి ఇచ్చే హక్కు పోయినట్టే. 2.608 ప్రకారం తీసుకున్న సరుకుని తిరస్కరించాలంటే దాని స్థితి మీ వల్ల మారి ఉండకూడదు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి, గన్‌స్మిత్ చేత ఒక్క పేజీ రాయించుకోండి, చాలు.

ఆయన ఒప్పుకోకపోతే జస్టిస్ కోర్టు, అంటే చిన్న దావాల కోర్టు. 20,000 డాలర్ల దాకా కేసులు అక్కడ వేయొచ్చు, లాయర్ అక్కర్లేదు, మామూలుగా ఆయన ఉండే ప్రిసింక్ట్‌లో (కౌంటీలో ఆ కోర్టు పరిధిలోని ప్రాంతం) వేయాలి. దాఖలు ఖర్చు, సమన్లు అందించే ఖర్చు కలిపితే వంద దాటుతుంది, గెలిస్తే అవి కూడా అడగొచ్చు. మా లాంటి లాయర్లని పెట్టుకుంటే మీ 350 కంటే మా ఫీజే ఎక్కువవుతుంది, దయచేసి పెట్టుకోకండి.

వీసా సంగతి. స్టాక్ కొనడం, అమ్మడం, దాని మీద దావా వేయడం హెచ్-1బికి సమస్య కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ విడి భాగాల్లో తుపాకీగా లెక్కకొచ్చేది ఫ్రేమ్ లేదా రిసీవర్, అంటే యాక్షన్‌లోని ప్రధాన లోహపు భాగం. మన ఊళ్లో మడమ అని పిలిచే భాగం ఉన్న ఈ స్టాక్ విడిగా తుపాకీ కాదు. నాకు అసలు టెన్షన్ పెట్టేది మీ రైఫిల్. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. గ్రీన్ కార్డుకి అప్లై చేసి ఎదురుచూస్తున్నంత మాత్రాన ఇది మారదు. టెక్సస్ లైసెన్స్ ఏడాదిలో ఎప్పుడు కొన్నా మామూలుగా ఆగస్టు 31కి అయిపోతుంది. సెప్టెంబర్‌లో కొత్తది తీసుకోవడం మరిచిపోయి, రైఫిల్ బీరువాలో ఉంటే, వేటకి వెళ్లకపోయినా అది ఫెడరల్ నేరం, 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా. కోర్టులో మీరు ‘నా రైఫిల్‌కి బిగించబోతే’ అని ప్రమాణం చేసి చెప్పబోతున్నారు. కాబట్టి పాత లైసెన్సులన్నీ తీసి తేదీలు చూడండి. మధ్యలో ఎక్కడైనా ఖాళీ ఉంటే దావా వేసే ముందు ఒక క్రిమినల్ లాయర్‌తో విడిగా మాట్లాడండి, ఆ సంగతి ఎవరికీ మెసేజ్‌లో రాయకండి.

చివరగా, ఇలాంటి ప్రశ్నలు పంపినవాళ్లలో ఒకరిద్దరు ‘ఇక్కడ పనికిరాకపోతే ఇండియాలో బాబాయి రైఫిల్‌కి పనికొస్తుంది, సూట్‌కేస్‌లో వేసుకెళ్తా’ అని రాశారు. వద్దు. మన ఆయుధాల చట్టం, 1959లో తుపాకీ నిర్వచనంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి, బయటి నుంచి తేవాలంటే సెక్షన్ 10 కింద లైసెన్స్ కావాలి. అమెరికా వైపు ఎగుమతి నిబంధనలు వేరే ఉన్నాయి. ఇక్కడ మామూలు సామాను అయినది శంషాబాద్‌లో దిగేసరికి కేసు అవుతుంది.

మెసేజ్ పెట్టి రెండు వారాలు గడువు ఇవ్వండి. ఈలోగా ఆ స్టాక్‌ని ఏ పెట్టెలో వచ్చిందో అదే పెట్టెలో పెట్టి ఉంచండి.