నర్సింగ్‌లో చేరిన పాపకు ఇంగ్లిష్ పదాలు నోరు తిరగడం లేదు

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో పని చేస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మా అమ్మాయి ఇప్పుడు నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. పైకి చదవమంటే పెద్ద పదాల దగ్గర ఆగిపోతోంది. ఇంగ్లిష్ మీడియంలో ఉన్న వాళ్ళ తమ్ముడు గడగడా చదువుతాడు. ఫారిన్ పోవాలంటే యాక్సెంట్ ట్రైనింగ్ తప్పదంటూ ఆన్‌లైన్ కోర్సుకు 30 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే. కానీ లోపల ఉన్న దిగులు, తెలుగు మీడియంలో వేసి పాపకు అన్యాయం చేశామేమో అని. ఒంగోలు, కావలి వైపు తల్లిదండ్రుల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. మీరు ఏ అన్యాయమూ చేయలేదు.

గుణింతం వచ్చిన పిల్లకు పదాన్ని ముక్కలుగా పలకడం కొత్త కాదు. ఇంగ్లిష్ సిలబుల్ కూడా ఒక అచ్చు ధ్వనితో నిలబడే ముక్కే. కాకపోతే మన రాతలో ముక్కలు కంటికి కనిపిస్తాయి, ఇంగ్లిష్‌లో చెవితో పట్టుకోవాలి. కంఫర్టబుల్ అన్న మాటను స్పెల్లింగ్ చూసి నాలుగు ముక్కలనుకుంటాం, మాట్లాడేవాళ్ళు ఎక్కువగా 'కంఫ్-ట-బుల్' అని మూడే పలుకుతారు. అందుకే డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి ముందు వినాలి. ఉచ్చారణ రాసిన చోట ఏ ముక్క ముందు చిన్న నిలువు గీత ఉంటే దాన్ని నొక్కి పలకాలి.

మీ పాప పుస్తకంలోని మాటే తీసుకోండి: హై-పో-గ్లై-సీ-మి-యా. పెన్సిల్‌తో గీతలు పెట్టి విడివిడిగా, తర్వాత కలిపి, 'సీ'ని నొక్కి చదవమనండి. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో షుగర్ తగ్గడం, హైపర్‌గ్లైసీమియా అంటే పెరగడం. రెండో ముక్క మింగేస్తే వార్డులో అవతలివాళ్ళకు ఏది అర్థం కావాలి? నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే. మనవాళ్ళకు ఇంకో అలవాటుంది, మాట చివర ఉకారం చేర్చడం. బెడ్, పల్స్ ఒక్క ముక్క మాటలు. బెడ్డు, పల్సు అంటే రెండవుతాయి.

ఇక యాక్సెంట్ కోర్సు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష గానీ, వైద్యరంగం వాళ్ళ కోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష గానీ రాస్తారు. రెండింటిలోనూ బ్రిటిష్ యాస ఉండాలని అడగరు, వినేవాళ్ళకు మాట స్పష్టంగా అర్థం కావాలి. జర్మనీ అయితే జర్మన్ భాషే నేర్చుకోవాలి, అక్కడ ఇంగ్లిష్ యాస దేనికి? పదం చదవడమే తడబడుతున్న పిల్లకు యాస నేర్పిస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. తమ్ముడితో పోల్చడం ఈ రోజే ఆపండి. వాడు గడగడా చదివినదానికి అర్థం ఏమిటని ఒక్కసారైనా అడిగారా? బంధువుల ముందు పాప చేత చదివించడం, మధ్యలో ఆపి దిద్దడం లాంటివి చేస్తుంటే అవీ మానేయండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు వచ్చిన మాట కూడా నోట్లోంచి రాదు.

రేపటి పాఠంలోంచి రోజుకు ఐదు పదాలు చాలు. ముక్కలు చేసి, విని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, మళ్ళీ తన గొంతు తనే వినాలి. హాస్టల్‌లో పక్కన కూర్చుని వినే స్నేహితురాలు ఒకరుంటే ఇంకా మంచిది. ఆ 30 వేలు మాత్రం దాచి ఉంచండి, చివరి సంవత్సరంలో ఓఈటీ ఫీజుకు పనికొస్తాయి.