ఆడుకుంటూ కూర్చుంటే పని ఎప్పుడవుతుంది?

ప్రశ్న: నాలుగేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా చేస్తున్నాను. మొదట్లో ఏ పని ఇచ్చినా సరదాగా చేసేదాన్ని. ఇప్పుడు బ్రీఫ్, అంటే క్లయింట్‌కి ఏం కావాలో రాసిచ్చే కాగితం, చేతికి రాగానే టెన్షన్, నేరుగా కంప్యూటర్ తెరిచి పాతవాటిలాంటిదే ఇంకొకటి చేసి పంపేస్తున్నాను. క్లయింట్లు ఓకే అంటున్నారు, నాకే నచ్చడం లేదు. కాగితాలు, రంగులు ముందేసుకుంటే మా టీమ్ లీడ్ "ఆటలు తర్వాత, ముందు పని చూడమ్మా" అంటారు. డిజైన్‌లో ఆటకి నిజంగా చోటుందా, లేక నేనే సాకులు వెతుక్కుంటున్నానా?

జవాబు: సాకు కాదమ్మా. ఆ కాగితాలు ముందేసుకున్నప్పుడే మీ అసలు పని మొదలవుతోంది, దాన్నే ఆపేస్తున్నారు. కంప్యూటర్‌లో గీసిన మొదటి గీత కూడా పూర్తయిపోయినట్టు నీట్‌గా కనిపిస్తుంది, దాంతో మనసు అక్కడే సెటిల్ అయిపోతుంది. చేత్తో చింపిన కాగితం ముక్కకి ఆ మర్యాద లేదు కదా, పారేయడానికి బాధ ఉండదు, తిప్పి చూస్తాం, తలకిందులు చేస్తాం, రెండోదాని మీద పెడతాం. ఆట అంటే నా లెక్కలో ఇదే: ఆ కాసేపూ తప్పు చేసినా మనకేం నష్టం లేకపోవడం.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక కంటి ఆసుపత్రి లోగో కోసం రెండు రోజులు కూర్చున్నాను, ఏది గీసినా కన్నే వచ్చేది, అది కూడా అందరూ వేసే కన్నే. మూడో రోజు పొద్దున కంప్యూటర్ మూసేసి, నల్ల కాగితంలోంచి మూడు గుండ్రటి బిళ్లలు కత్తిరించి, కన్ను ఆకారం మాత్రం వాడకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. బల్ల మీద వాటిని అటూ ఇటూ జరుపుతుంటే ఒక బిళ్ల తెల్ల కాగితం అంచు కిందకి సగం దూరింది. అప్పుడే తెరుచుకుంటున్న రెప్ప కనిపించింది! అది నేను ఆలోచించి వేసింది కాదు, చెయ్యి జరిపింది, కన్ను పట్టుకుంది. ఆ తర్వాత దాన్ని తీర్చిదిద్దడానికి ఇంకో మూడు రోజులు పట్టింది, అది మాత్రం ఆట కాదు.

షరతు మాట ఎందుకు తెచ్చానంటే, హద్దు లేని ఆటలో చెయ్యి తనకి అలవాటైన చోటికే వెళ్తుంది. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ స్కూల్లో జోసెఫ్ ఆల్బర్స్ పాఠం చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. మొదటి తరగతికి పాత న్యూస్‌పేపర్లు తెచ్చి పంచి, వీలైతే కత్తెర, జిగురు లేకుండా ఏదైనా చెయ్యమన్నారట. కొందరు కోటలు, పడవలు, విమానాలు చేశారు. ఆయన మెచ్చింది మాత్రం కాగితాన్ని నిలువుగా మడిచి బల్ల మీద నిలబెట్టిన ఒక విద్యార్థి పనిని. మెత్తటి కాగితానికి ఒక్క మడత పడితే తన కాళ్ల మీద తను నిలబడుతుంది, అది కాగితం మాత్రమే చెప్పగల సంగతి. కోటనైతే ఇంకేదైనా పెట్టి కట్టుకోవచ్చు.

ప్రశ్న: మా ఆఫీసులో టేబుల్ టెన్నిస్ బల్ల వేశారు, ఐడియాలు బాగా వస్తాయని. వస్తాయా?

జవాబు: కొంతవరకు. కార్ల్ డుంకర్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన ఒక చిక్కు ప్రశ్న ఉంది, ఇంగ్లీషులో 1945లో, ఆయన పోయాక అచ్చయింది: ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక డబ్బా నిండా పిన్నులు ఇచ్చి కొవ్వొత్తిని గోడకి నిలబెట్టమంటారు. పిన్నులు ఒంపేసి, ఖాళీ డబ్బానే గోడకి గుచ్చి దాని మీద కొవ్వొత్తి పెట్టాలి. డబ్బాని పిన్నులు పోసుకునేదిగానే చూస్తున్నంతసేపూ ఇది తట్టదు. మనస్తత్వవేత్త ఆలిస్ ఐసెన్ బృందం 1987లో ప్రచురించిన ప్రయోగాల్లో ముందు కాసేపు కామెడీ సినిమా చూసి నవ్వుకున్నవాళ్లలో ఎక్కువమంది దీన్ని సాధించారు. అంతకుముందు 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ అనే మరో మనస్తత్వవేత్త ఇదే చిక్కు ప్రశ్న ఇచ్చి కొందరికి డబ్బు బహుమతి ఆశ చూపిస్తే, ఆ ఆశ పెట్టుకున్నవాళ్లకే ఎక్కువ టైమ్ పట్టింది. కాబట్టి మనసు తేలికపడటం మంచిదే, మీ టేబుల్ టెన్నిస్ ఆడండి. కానీ ఆట ముగిశాక చేతిలో ఉండాల్సింది ఆ డబ్బా, అంటే మీ సమస్య తాలూకు వస్తువు. దాన్ని ముట్టుకోకుండా ఆడింది విశ్రాంతి, అంతే.

ప్రశ్న: ప్రాడక్ట్ డిజైన్ చదువుతున్నాను. ఆట ఎక్కడ ఆపాలో తెలియడం లేదు, డెడ్‌లైన్ దాటిపోతోంది.

జవాబు: చాలామందికి ఆటే సమస్య కాదు, ప్రశ్న లేకుండా ఆడటం సమస్య. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ చెక్క ముక్కలతో కుస్తీ పట్టినప్పుడు ఆయన ముందున్నది ఒకే ప్రశ్న: ముక్కలు విడివిడిగా తిరగాలి, మొత్తం మాత్రం ఊడిపోకూడదు. రంగుల గళ్లు తిప్పి కలిపే రూబిక్స్ క్యూబ్ అలా పుట్టింది. తిప్పేశాక రంగులు మళ్లీ కలపడానికి ఆయనకే నెల దాకా పట్టింది, అది వేరే కథ. మీరూ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకుని నలభై నిమిషాలు టైమర్ పెట్టుకోండి. చేసిందే మళ్లీ చేస్తున్నారంటే టైమ్ మిగిలినా ఆపేయండి. ఒకదాని మీద ప్రేమ పుట్టి ఎవరేమన్నా వాదించాలనిపిస్తోందా, అప్పుడూ ఆపాలి, ఎందుకంటే ఆ క్షణం నుంచి మీరు ఆడటం లేదు, కాపలా కాస్తున్నారు. ముక్కలు మాత్రం పారేయకండి, తేదీ వేసి ఒక కవరులో దాచుకోండి.